మొదటి ఫారం తీసెయ్

మంచి నవల ఎలా రాయాలో ఈ వీధి మొత్తంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నమ్మకపోతే మా బామ్మర్దిని అడగండి. గడియారాలు బాగుచేసుకునే ఆ మనిషి రాసిన పుస్తకం ఇవాళ రైల్లో ఎవరి చేతిలో చూసినా కనిపిస్తోందంటే, అదంతా నా సలహా చలవే.

నేను ప్రెస్సులో బైండర్ని. నలభై ఏళ్ళు పుస్తకాలు కుట్టాను. పెద్ద కాగితాన్ని మడతపెడితే పదహారు పేజీలవుతుంది. దాన్ని మేం ఫారం అంటాం. అందరి నవలలూ కుట్టీ కుట్టీ నేనూ ఒకటి రాశాను. ఎనిమిది వందల పేజీలు. మా ఆవిడ మూడో పేజీ దాటలేదు. కళ్ళజోడుతోనే నిద్రపోయేది. లేచాక, "బావుందండీ, ప్రశాంతంగా ఉంది" అనేది.

ఓ ఆదివారం పొద్దున్నే బామ్మర్ది సంచీతో దిగాడు.

"బావా, నవల రాశాను. నీకు పుస్తకాల సంగతి తెలుసు కదా, కాస్త చూసిపెట్టు."

"నువ్వా? ముళ్ళు తిప్పుకోక నీకెందుకురా ఈ గోల?"

నేను చెయ్యి చాచేలోపే వాళ్ళక్క లాక్కుంది. స్టవ్ మీద పాలు పెట్టి, పక్కనే నిలబడి చదవసాగింది. పాలు పొంగాయి. గిన్నె దాటి, గట్టు దాటి, ఆవిడ కాళ్ళ దాకా వచ్చాయి. ఆవిడ ఓ అడుగు పక్కకి జరిగి పేజీ తిప్పింది.

ఇన్నేళ్ళలో నా రాతకి ఒక్క చుక్క పొంగలేదు.

తర్వాత నేనూ చదివాను. బావుంది. అదే నా ఏడుపు. అందులోనూ మొదటి పదహారు పేజీలు అద్భుతం: వానలు, వీధులు, హీరోగారి ముత్తాతలు, అచ్చం నేను రాసినట్టే ఉన్నాయి. కొడితే అక్కడే కొట్టాలనుకున్నాను.

"మొదటి ఫారం తీసెయ్."

"బావా! దానికి ఏడాది పట్టింది!"

"అందుకే తీసెయ్యమంటున్నా."

ఒప్పేసుకుంటున్నాను, అది సలహా కాదు, కుళ్ళు. పునాది లాగేస్తే ఇల్లు కూలుతుందనుకున్నాను. కూలలేదు సరికదా, ఇంకా గట్టిపడింది. నవల ఇప్పుడు ఇలా మొదలవుతోంది: ఓ ముసలావిడ షాపు బల్ల మీద గడియారం పెట్టి, "బాబూ, ఇది బాగానే నడుస్తోంది. కాస్త ఆపిపెట్టవూ?" అంటుంది. ఇక ఎవడు కింద పెడతాడు!

పుస్తకం వచ్చిన రోజు సభలో వాడు మైకు పట్టుకుని, "ఇదంతా మా బావ చలవ" అన్నాడు. అందరూ చప్పట్లు. నాకు మాత్రం ఒక్కో చప్పుడూ చెంప మీద పడినట్టనిపించింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది: "మరి మీదాంట్లో తీశారా?"

"ఏంటి తీసేది?"

"మొదటి ఫారం."

తీశాను. నిద్రపోయింది. ఇంకోటి తీశాను. మళ్ళీ నిద్ర. అలా నలభై తొమ్మిది ఫారాలు పోయి, ఒక్కటి మిగిలింది. పెళ్ళైన కొత్తలో ఆవిడ నా మీద అలిగి నేరుగా ప్రెస్సుకే వచ్చి, బైండింగ్ బల్ల మీద కూర్చుని లేవనన్న రోజు కథ అది. ఆ పదహారు పేజీలూ ఆవిడ రెప్ప వాల్చకుండా చదివింది. స్టవ్ మీద పాలు పొంగి వరదైపోయాయి.

సరే, అబద్ధమెందుకు? చదివిందన్నది నిజం. ఈ రెండోసారి పాలు పొంగడం మాత్రం నేను కల్పించాను. చదవడానికి కూర్చునే ముందు ఆవిడ స్టవ్ ఆపేసింది.

తమ్ముడి పుస్తకానికి ఆపలేదు.