సగం మాత్ర

ఎమ్మిగనూరు బస్టాండు బయట, ఉగ్గాని టిఫిను బండి దగ్గర స్వప్న ఎప్పుడూ నవ్వుతూ కనిపించేది. ఆ రోజు నవ్వలేదు. బొరుగుల సంచిని జయమ్మ ఒడిలో పెట్టి, చుట్టుపక్కల వాళ్లు తినడంలో మునిగి ఉన్నారని చూసుకున్నాక గొంతు తగ్గించింది.

"ఇదే ఆఖరక్కా. వచ్చే నెల నుంచి నేను రాను."

బొరుగుల అడుగున మందు డబ్బా జయమ్మ వేళ్లకు తగిలింది. "ఏమైందమ్మా? నేనేమన్నా తప్పు సేసినానా?"

"నువ్వేం సేస్తావు? అమెరికాలో కొత్త సర్కారొచ్చింది. బయటి దేశాలకిచ్చే సాయం ఆపేసినారు. మా జీతాలు ఆడనించి వచ్చేటివి. మా ఆపీసుకు తాళం పడింది."

"వాళ్లకు నా మీదేం కోపం తల్లీ?"

"నువ్వొకదానివి ఉండావనే తెలీదు వాళ్లకు." స్వప్నకు నవ్వొచ్చింది గానీ కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. "మందు మన సర్కారుదే. ఆదోని పెద్దాసుపత్రిలో ఎప్పట్లాగే ఊరికే ఇస్తారు. దాన్ని తెచ్చి నీ చేతిలో పెట్టే మనిషికి వాళ్లు జీతమిచ్చేటోళ్లు. ఈ సర్కారూ ఆ సర్కారూ కలిసి సేసుకున్న ఏర్పాటు అది. ఇప్పుడు వాళ్లు తప్పుకున్నారు. ఇంక నువ్వే పోయి తెచ్చుకోవల్ల."

"ఆడ ఎవురన్నా సూస్తే?"

స్వప్న సంచి మూతి బిగించి ముడి వేసింది. ఉగ్గాని చల్లారిపోయింది.

జయమ్మ మొగుడు గోవిందన్న ఆదోని నుంచి పత్తి బేళ్లు తీసుకుపోయే లారీలో క్లీనరుగా తిరిగి, హెచ్.ఐ.వి. అంటించుకుని వచ్చాడు. ఆమెకూ అంటించి చనిపోయాడు. ఊరికి మాత్రం క్షయ అని చెప్పుకున్నారు. ఆ ఊరు నందవరం దగ్గర. అక్కడి బడిలో మధ్యాహ్నం అన్నం వండేది జయమ్మే. వండితే అంటుకోదని స్వప్న వందసార్లు చెప్పింది. జయమ్మకు ఆ సంగతి తెలుసు. ఊరికి తెలియదు. ఒక్కరికి అనుమానం వచ్చినా రేపటికి పొయ్యి చల్లారుతుంది, ఎల్లుండికి నీళ్ల కొళాయి దగ్గర ఆమె బిందె పక్కన ఇంకో బిందె ఉండదు.

ఆ రాత్రి డబ్బా ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. కరువొచ్చిన ఏడు వాళ్లమ్మ ఏం చేసేదో గుర్తొచ్చింది. గాదెలో జొన్నలు తగ్గాయని తెలియగానే, ఆకలి మొదలవకముందే రొట్టెను సగం చేసేది. ఆ పొదుపుతోనే వానలదాకా నెట్టుకొచ్చింది. జయమ్మ కత్తిపీట తీసి మాత్రను రెండు ముక్కలు చేసింది. సగం మింగి, సగం మళ్లీ డబ్బాలో వేసింది. ఇలాగైతే ఆదోని ఒక నెల దూరం జరుగుతుంది.

నెల గడిచాక స్వప్న ఫోన్ చేసింది.

"అక్కా, ఆదోనికి పోయొచ్చినావా?"

"ఇంకా లేదమ్మా. నా దగ్గర సగం డబ్బా ఉంది." జయమ్మ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "సగం సగం ఏసుకుంటాండా."

అవతలి నుంచి ఒక్కసారిగా అరుపు.

"నీకేమన్నా మతుందా? ఇదేమన్నా జొన్న రొట్టెనా తుంచుకుని తినేదానికి! సగం మందుకు రోగం సావదక్కా, ఆ మందుకు అలవాటు పడతాది. ఆ మీదట నిండు మాత్ర ఏసుకున్నా పని సేయదు. రేపే పో. నీ కాళ్లు పట్టుకుంటా, రేపే పో."

ఫోన్ పెట్టేశాక జయమ్మ తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంది. లోపల ఏదో బలిసిపోతున్నట్టు, దానికి తానే నెలరోజులు మేత వేసినట్టు అనిపించింది. ఊరి భయాన్ని ఇది మింగేసింది.

మర్నాడు మొదటి బస్సుకే ఆదోని వెళ్లింది. కొంగు ముక్కుదాకా లాక్కుంది. ఆస్పత్రిలో ఆ మందిచ్చే గది ఎక్కడని అడగడానికి నోరు రాక, రెండుసార్లు దాటిపోయి వెనక్కి వచ్చింది. బల్ల మీద కూర్చున్న వాళ్లందరూ నేల చూపులు చూస్తున్నారు. నర్సు డబ్బా చేతిలో పెట్టి, రక్తపరీక్షకు రాసి, "ఈసారి ఒక్క పూట కూడా తప్పకూడదమ్మా" అంది. గద్దించలేదు. జయమ్మ డబ్బాను కొంగులో ముడి వేసుకుని తలుపు దాటింది.

ఎదురుగా అయ్యన్న నిలబడి ఉన్నాడు.

వాళ్ల ఊరి ఆటో అతనిదే. కంటి చూపు కోసం తల్లిని తీసుకొచ్చాడు. అతని కూతురు బడిలో రోజూ జయమ్మ చేతి అన్నమే తింటుంది. అయ్యన్న ఆమెను చూశాడు, ఆమె వెనక తలుపు మీది బోర్డు చూశాడు, కొంగు ముడి చూశాడు.

"ఏందత్తా, ఈడికొచ్చినావు? మోకాళ్ల నొప్పికా?"

"ఆ, మోకాళ్లేనప్పా." జయమ్మ ఆ మాటను పట్టుకుని వేలాడింది. "మెట్లెక్కలేకుండా ఉండా."

"ఊఁ" అన్నాడు అయ్యన్న. ఇంకేం అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

ఆ రాత్రి నిండు మాత్ర మింగింది. నిద్ర రాలేదు. వీధిలో ఎవరు దగ్గినా తన ఇంటికే వస్తున్నారనుకుంది.

తెల్లవారి బడి వంటగదిలో పప్పు ఉడుకుతుండగా ఆటో చప్పుడయింది. అయ్యన్న గడప బయటే ఆగాడు. జయమ్మ గరిటెను గిన్నెలోనే వదిలేసి లేచి నిలబడింది.

"పప్పు అడుగంటుతాంది సూడత్తా" అన్నాడు. తర్వాత తల దించుకుని, చెప్పుతో మట్టిని గీస్తూ అన్నాడు. "నెలనెలా అమ్మను ఆదోనికి తీసకపోవల్ల. నీ మోకాళ్ల మందుకు నువ్వూ ఆటో ఎక్కు. బస్సులో అందరూ సూస్తారు. నేనెవురికీ సెప్పనులే."

జయమ్మకు ఊపిరి వచ్చింది. దండం పెట్టబోయింది. అతను ఆమె ముఖంలోకి చూడకుండానే వెనక్కి తిరిగాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"మా పాప ఈ పొద్దు ఇంటికాన్నించి సద్ది డబ్బా తెచ్చుకునిందత్తా. కడుపులో బాగలేదంట. ఏమనుకోవద్దు."

ఆటో వెళ్లిపోయింది.

ఇన్నేళ్లూ ఆమె గుట్టు స్వప్న దగ్గర, ఎవరో దూరదేశపు వాళ్లిచ్చే జీతం నీడన భద్రంగా ఉంది. ఇప్పుడది అయ్యన్న నోట్లో ఉంది. మంచివాడే. కానీ ఇంట్లో పెళ్లాం అడిగి ఉండదా, పాపకు సద్ది ఎందుకని?

గంట కొట్టారు. పిల్లలు వరుసగా వచ్చి పళ్లేలు చాచారు. జయమ్మ అన్నం పెడుతూ, పప్పు పోస్తూ, వరండా వైపే చూస్తూ ఉంది. స్తంభం పక్కన అయ్యన్న కూతురు ఒక్కతే స్టీలు డబ్బా మూత తీసుకుని తింటోంది. ఈ రోజుకు అదొక్క డబ్బానే.