రామేశ్వరమ్మ ఇల్లు గుట్ట ఎక్కిన రోజు

ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులో ఖలందర్ షెడ్డు ముందుకు ఆ వ్యాను వచ్చిన రోజు చుట్టుపక్కల మెకానిక్కులంతా పనులాపి వచ్చి చూశారు. చూసి నవ్వారు. ఒకప్పుడు అది బడిపిల్లల్ని మోసింది. ఇప్పుడు పసుపు రంగు పెచ్చులు లేచి, ఇంజను పట్టేసి, సీట్ల కింద కోళ్ళు గుడ్లు పెట్టిన గుర్తులతో ఉంది. జమ్మలమడుగు పక్క పల్లె నుంచి దాన్ని ట్రాక్టరుకు మోకు కట్టి లాక్కొచ్చిన రామేశ్వరమ్మ మాత్రం నవ్వలేదు. నవ్వేవాళ్ళ వంక ఒక్కసారి చూసింది. ఆ చూపుకు పొట్టేళ్ళే దారికొస్తాయి, మెకానిక్కులెంత? ఎవరి షెడ్డుకు వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆమెకు కావలసింది గొర్రెల వెంట పోయే ఇల్లు. ఆమె భర్త చిన్నసుబ్బయ్య నాలుగు కుటుంబాల గొర్రెల జట్టుకు పెద్ద. శనగ కోతలైపోగానే ఆ జట్టు నల్లరేగడి చేలు వదిలి పులివెందుల వైపు చీనీ, అదే బత్తాయి, తోటల దాకా మూడు నెలలు మందతో నడుస్తుంది. ఏ రైతు పిలిస్తే ఆ చేలో మంద కడతారు. ఎరువు చేనుకు, గింజలు వీళ్ళకు. పడక నేల మీద, వంట మూడు రాళ్ళ మీద. నలభై ఏళ్ళు అలా బతికిన మనిషి పోయిన వానాకాలం గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కడపలో ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇక నేల మీద పడుకోవద్దనీ, బాసింపట్టు వేసి కూర్చోవద్దనీ, కోసుల కొద్దీ నడక సంగతి మర్చిపొమ్మనీ చెప్పి పంపించాడు.

జట్టులో ఆయన తర్వాతివాడు రఘునాథ్, వరసకు తమ్ముడు. చెడ్డవాడేం కాదు గానీ నోట్లో మాట దాచుకోవడం చేతకాదు. అన్న రాకపోతే ఆయన నూట అరవై గొర్రెలకు కాపలా ఎవరు కాస్తారని అడిగాడు. అమ్మేయడం మంచిదన్నాడు. పులివెందులలో తనకు తెలిసిన బేరగాడు ఉన్నాడని కూడా చెప్పాడు. చిన్నసుబ్బయ్య గోడ వైపు తిరిగి పడుకుని సరేనన్నాడు. ఆ సరే అన్న గొంతు విని రామేశ్వరమ్మకు భయమేసింది. గొర్రెలు పోతే ఈ మనిషి ఇక మంచం దిగడని ఆమెకు అర్థమైపోయింది. ఆమెకు భయమేస్తే కోపమొస్తుంది, కోపమొస్తే ఏదో ఒకటి చేసి తీరుతుంది. మూతబడిన బడి వెనకాల తుప్పు పడుతున్న వ్యానును కొనేసింది.

ఖలందర్ పేరు చెప్పింది, కువైట్‌కు పోయిన కొడుకు భార్య మల్లిక. ఆయన కువైట్‌లో ఇరవై రెండేళ్ళు పనిచేసి వచ్చాడు. అక్కడి షేకులు చలికాలంలో ఎడారికి పోయి వారాల తరబడి గుడారాల్లో ఉంటారట. వాళ్ళ వ్యాన్లకు ఇసుకలోనూ లాగగల ఇంజన్లు, లోపల పడకలు, వంటగదులు అమర్చడమే ఈయన పని. తిరిగొచ్చాక ప్రొద్దుటూరులో ఎవరికీ అలాంటి బండి అవసరం పడలేదు. ఆటోల క్లచ్చు తీగలు మార్చుకుంటూ కూర్చున్నాడు. వ్యాను చుట్టూ రెండుసార్లు తిరిగాడు, కిందికి దూరి పానాతో చాసీని అడుగడుక్కూ కొట్టి విన్నాడు. బయటికొచ్చేసరికి ఆయన మొహంలో పదేళ్ళు తగ్గినాయి.

"చాసీ గట్టిగుందమ్మా," అన్నాడు. "తక్కిందంతా పారేస్తాం."

పారేశాడు కూడా. కలమల్ల దగ్గర ప్రమాదంలో ముందు భాగం నుజ్జయిన ఒక పికప్ ట్రక్కు ఇంజను ఆయనకు దొరికింది. అది వ్యానులో పట్టలేదు. ఇంజను కూర్చునే దిమ్మలు కోసి కొత్తవి వెల్డింగు చేశాడు. ఇంజనుకూ పాత గేరుబాక్సుకూ బోల్టు రంధ్రాలు కలవకపోతే, మధ్యలో ఒక మందపాటి ఇనుప పలకను లేత్ మిషను మీద నాలుగుసార్లు తిప్పించి, నాలుగోసారి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టాడు. వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టలకు రెండేసి ఇనుప పట్టీలు పెంచి వ్యానును జానెడు పైకి లేపాడు. రేడియేటరు పెద్దది పెట్టాడు. ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగి ఇంజను మార్పు కాయితాల్లో ఎక్కించాడు. లోపల తుంటి వంగనక్కరలేని ఎత్తులో మంచం, పట్టుకుని దిగడానికి కమ్మీ, గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, పైకప్పు మీద సోలారు పలక. మంచం తల వైపు ఒక కిటికీ. పడుకున్నవాడికి మంద కనపడాలని అది రామేశ్వరమ్మ అడిగి పెట్టించుకుంది.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది. లోపలికి ఏ వస్తువు పోయినా ముందు కాటా మీద పెట్టి, బరువును సుద్దముక్కతో షెడ్డు గోడ మీద రాస్తాడు. మంచం ఇంత, పొయ్యి ఇంత, నిండు డ్రమ్ము ఇంత. ఎడమ పక్కెంత, కుడి పక్కెంత. ఎడారిలో బండి నిలబడిపోయేది ఇంజను వల్ల కాదనీ, మనుషుల ఆశ వల్లనీ ఆయన అనేవాడు. రామేశ్వరమ్మ వారం వారం వచ్చి అంతా చూసి తల ఊపేది. నేలకు ప్లైవుడ్ చెక్క వేయడం చూసిన రోజు మాత్రం ఆమె తల ఊగలేదు.

ఆమె పుట్టింది నాపబండ మీద. తిరిగింది, వండింది, పిల్లల్ని కన్నది నాపబండల మీద. ఆ ప్రాంతంలో ఇంటి నేల బండ, అటక బండ, బట్టలుతికే చోటు బండ, దొడ్డికి కంచె కూడా నిలువు బండలే. చెక్క మీద నడిస్తే డబడబమని చప్పుడు, నీళ్ళు పడితే ఉబ్బుతుంది, దాన్ని ఇల్లని ఎవరైనా అంటారా? నాలుగు బండలు పరిపించమని అడిగింది. ఖలందర్ కుదరదన్నాడు. పల్చటివి పరిపించమంది. దానికీ కుదరదన్నాడు. ఆమె ఇంకేం మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు కాదని ఆయనకు తెలియదు పాపం.

వ్యాను ఇంటికొచ్చిన వారానికి మల్లిక బంధువుల పెళ్ళికని చాపాడులోని పుట్టింటికి వెళ్ళింది. ఆ నాలుగు రోజుల్లో రామేశ్వరమ్మ పాలిష్ పట్టించిన బండలు పదైదు తెప్పించి, మేస్త్రీని పిలిచి, సిమెంటు వేయించి, వ్యాను నేలంతా పరిపించేసింది. పైన రెక్సిను పట్టా వేసి మూసింది. చిన్నసుబ్బయ్యను ఎక్కించి మంచం మీద కూర్చోబెడితే, ఆయన పట్టా అంచు లేపి అరికాళ్ళు బండ మీద ఆనించాడు. "సల్లగుంది మే," అన్నాడు. ఆపరేషన్ అయిన తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మంచి మాట అది. ఆ ఒక్క మాటకు రామేశ్వరమ్మ ఉబ్బితబ్బిబ్బయింది. ఖలందరుకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

మంద నాలుగు రోజులు ముందే బయలుదేరింది. రఘునాథ్ పెట్టిన షరతు ఒక్కటే. ముద్దనూరు దాటాక గొర్రెల బాట తారు రోడ్డు వదిలి ఒక ఎర్రగుట్ట ఎక్కుతుంది. గొర్రె పోయే చోటికి రాని ఇల్లు దేనికని అతని లెక్క. వ్యాను గుట్ట ఎక్కితే చిన్నసుబ్బయ్య జట్టులో ఉంటాడు. ఎక్కకపోతే అవతలి పక్క పులివెందుల రోడ్డు నుంచి వచ్చి పైన కాచుకుని ఉండే బేరగాడి లారీలోకి నూట అరవై గొర్రెలూ ఎక్కుతాయి. చిన్నసుబ్బయ్య తలూపాడు కాబట్టి ఇంకెవరూ కాదనడానికి లేదు.

ఆ ఉదయం స్టీరింగు పట్టింది మల్లిక. పుట్టింట్లో ట్రాక్టరు తోలిన చెయ్యి, లైసెన్సు ఉంది. పక్కన కూర్చోవడానికి ఖలందర్ ప్రొద్దుటూరు నుంచి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఎక్కేముందు వెనక చక్రాల వైపు వంగి చూసి, ఇంత కిందికి దిగిందేమని అడిగాడు. జొన్నల మూటలని చెప్పింది రామేశ్వరమ్మ. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

మంచం మీద చిన్నసుబ్బయ్యను, రామేశ్వరమ్మను కూర్చోబెట్టుకుని తారు రోడ్డు మీద వ్యాను హాయిగా పోయింది. ముద్దనూరులో టీ తాగేవాళ్ళు లేచి నిలబడి చూశారు. గుట్ట మొదట్లోనూ బాగానే లాగింది. సగం ఎక్కాక మలుపు దగ్గర వెనక భాగం నేలకు గీసుకోవడం మొదలైంది, ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు చెప్పిన మాట వినడం మానేసింది. మల్లిక మొదటి గేరులో కాలు అదిమి పట్టింది. రేడియేటరు నుంచి ఆవిరి లేచింది. వ్యాను ఆగిపోయింది.

పైనుంచి రఘునాథ్ దిగి వచ్చాడు, అతని వెనకాల ఇంకో ఇద్దరు. ఆడపిల్ల చేతికి స్టీరింగిస్తే ఇంతేనని వాళ్ళల్లో ఒకడు అన్నాడు. మల్లిక మొహం ఎర్రబడింది. ఖలందర్ బానెట్ ఎత్తి చాలాసేపు లోపలికి చూశాడు. ఆయన చేతులు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ కదిలాయి.

"ఆ ఇనుప పలక సరిగ్గా కూర్చోలేదేమో," అన్నాడు చివరికి, ఎవరి వైపూ చూడకుండా. "తప్పు నాదే. ఈ ఇంజను మీద నమ్మకం పెట్టుకోవద్దు బావా."

ఆ మాట చిన్నసుబ్బయ్యతో అన్నాడు. చిన్నసుబ్బయ్య కిటికీలోంచి, కిందికి దిగి నిలబడ్డ రామేశ్వరమ్మను చూశాడు. ఆయనకు తెలుసు. కానీ చెప్పడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె తప్పును నలుగురిలో ఎన్నడూ ఎత్తి చూపని మనిషి, గొర్రెలు పోతున్నా సరే ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టడు. నిజం చెబితే జట్టంతా ఏడాది పొడుగునా తనను చూసి నవ్వుతారని రామేశ్వరమ్మకు తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో పైన లారీ నిలబడి చెబుతోంది. ఆమెకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఐనా ముందుకొచ్చింది.

"అన్నా, నీ ఇంజనుది తప్పు కాదు. నా కోడలిదీ కాదు," అంది. "నువ్వొద్దన్న బండలు నేను పరిపిచ్చినాను. పదైదు. సిమెంటు ఏసి."

ఖలందర్ వ్యానెక్కి పట్టా లాగి చూశాడు. తర్వాత కిందికి దిగి, బాటలోనే చతికిలబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాడు. నవ్వుతూనే, షేకులు వ్యాన్లలో తివాచీలు పరిపించుకోవడం చూశాను గానీ ఇల్లు పునాదులతో సహా ఎత్తుకొచ్చినవాళ్ళను ఈడే చూస్తాండానని అన్నాడు. బండలు, సిమెంటు కలిసి ఆరు క్వింటాళ్ళకు తక్కువుండవని లెక్క చెప్పాడు. అంత బరువు మోసుకుని సగం గుట్ట ఎక్కిన ఇంజను తనదేనని గుర్తొచ్చేసరికి ఆయన లేచి నిలబడ్డాడు. ఛాతీ కూడా కాస్త విరిచాడు.

గడ్డపార తెచ్చింది రఘునాథే. మొదటి బండను రామేశ్వరమ్మ తన చేత్తో పెకలించింది. అదంటే ఆమెకు ప్రాణం. ఐనా ఆగలేదు. ముక్కలు రెండు చక్రాల వెనక అడ్డం పెట్టారు, తక్కినవి బాట పక్కన కుప్పేశారు. బేరగాడు పైనుంచి రెండుసార్లు హారన్ కొట్టాడు. రెండోసారికి రఘునాథ్ తల తిప్పి, కాసేపు నోరు మూసుకుని ఉండమని కేకేశాడు. మూడో బండ దగ్గరి నుంచి గడ్డపార అతని చేతిలోనే ఉంది. ఇంజను చల్లారే వేళకు నేల మళ్ళీ చెక్కయింది, రెండు చోట్ల చిల్లులతో.

చిన్నసుబ్బయ్యను దిగమని ఎవరో అన్నారు. ఆయన దిగనన్నాడు. "ఎక్కితే నాతోనే ఎక్కల్ల," అన్నాడు.

మల్లిక తాళం తిప్పింది. ఈసారి చప్పుడే వేరుగా ఉంది. మలుపు దగ్గర వ్యాను ఒక్క క్షణం తటపటాయించింది. ముందు చక్రాలు మట్టిని పట్టుకున్నాయి, వ్యాను లాగింది, లాగుతూనే పోయింది. వెనకాల పరుగెత్తేవాళ్ళకు అందలేదు. ఖలందర్ తలుపులోంచి సగం బయటికి వేలాడుతూ ఏదో అరుస్తున్నాడు, అరబ్బో, ఉర్దూనో, తెలుగో ఎవరికీ తెలియలేదు. ఆడపిల్ల స్టీరింగని అన్నవాడు ముఖం నిండా దుమ్ముతో అందరికంటే వెనక ఎక్కి వచ్చాడు.

పైన చదునులో మంద మేస్తోంది. చిన్నసుబ్బయ్య కిటికీలోంచి తల బయటికి పెట్టి నాలుక మడిచి కేక వేశాడు. ఐదు నెలలుగా వాటికి వినపడని కేక. ముందు ముసలి గొర్రె ఒకటి తలెత్తింది. తర్వాత ఆయనవి మాత్రమే, నూట అరవై, తక్కినవాటిలోంచి విడివడి దుమ్ము లేపుకుంటూ వచ్చి వ్యాను చుట్టూ మూగాయి. తలుపు తెరవడానికి కూడా సందు లేదు. బేరగాడు అది చూసి, లారీ వెనక పలక మూసి పులివెందుల దారి పట్టాడు.

మంద కట్టే చోట గొర్రెలు వచ్చిపోయే వాకిట్లో పడుకునే హక్కు జట్టు పెద్దకే. తోడేలు వచ్చినా దొంగ వచ్చినా మొదట లేవాల్సినవాడు ఆయన, పొద్దున మంద ఎటు పోవాలో చెప్పేవాడూ ఆయనే. నాలుగు రోజులుగా ఆ చోట రఘునాథ్ దుప్పటి ఉంది. అతను వెళ్ళి దాన్ని దులిపి, చుట్టి, చంకలో పెట్టుకుని వచ్చాడు.

"వదినా, బండి ఈడ పెట్టమను," అన్నాడు. "వాకిలి మా అన్నది."

రామేశ్వరమ్మకు ఏడుపొచ్చింది. అంతమందిలో ఆపుకోవాలని కూడా అనిపించలేదు. చెంగుతో మొహం తుడుచుకుంటూ, చేతులు ఊపి గొర్రెలను పక్కకు తోలుతూ, కోడలికి దారి చూపించింది. మల్లిక వ్యానును మెల్లగా వెనక్కి నడిపి మంద వాకిట్లో నిలిపింది. చిన్నసుబ్బయ్య కమ్మీ పట్టుకుని, ఎవరి చెయ్యీ అందుకోకుండా, తన గొర్రెల మధ్యకు దిగాడు.