పరుగెత్తే పచ్చ మనిషి

ముప్పై ఒక్క ఏళ్ళు చియాయీ ఊళ్ళో సిటీ బస్సు నడిపాను. ఒక్క ప్రమాదం లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. ఫిర్యాదులు బోలెడున్నాయని మా ఆవిడ అంటుంది, కానీ అవన్నీ నా నోటి మీద వచ్చినవి, నా స్టీరింగు మీద వచ్చినవి కావు. అలాంటి నా ముందు కూర్చుని, ఒక ఆదివారం భోజనాల దగ్గర మా అమ్మాయి పేషాన్ "కొశిన్‌కి రోడ్డు దాటడం రాదు నాన్నా, వచ్చే నెల నుంచి ట్యూషన్ సెంటర్లో వేసేస్తాను" అనేసరికి నాకు ఒళ్ళు మండింది.

కొశిన్ నా మనవరాలు. తొమ్మిదేళ్ళది. ఆటిజం ఉన్న పిల్ల. తన లోకంలో తనుంటుందని ఇరుగుపొరుగు అంటారు గానీ అది శుద్ధ అబద్ధం. అది మన లోకంలోనే ఉంటుంది, మనం చూడనివన్నీ చూస్తుంది. స్విచ్చి కట్టేశాక ఏ ఫ్యాను ఎన్ని చుట్లు తిరిగి ఆగుతుందో చెప్పేస్తుంది. మనుషుల ముఖంలోకి చూడ్డం, కావలసింది నోరు తెరిచి అడగడం మాత్రం దానికి మహా కష్టం. దాహం వేస్తే గ్లాసు పక్కన వెళ్ళి నిలబడుతుంది, మనమే గ్రహించాలి.

దాని బడి మా సందుకి ఎదురుగానే, పెద్ద రోడ్డుకి అవతల ఉంది. పేషాన్ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది, ఏడింటికి గానీ రాదు. అల్లుడు తైచుంగ్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగి, శనివారాలు వస్తాడు. మా ఆవిడకి సందు మొదట్లో టర్కీ కోడి అన్నం దుకాణం ఉంది, నాలుగింటికి ఆవిడ చేతులు కుండలో ఉంటాయి. మూడేళ్ళుగా పిల్లని తెచ్చేది నేనే. ఇప్పుడు నా మోకాలికి ఆపరేషన్ తప్పదన్నారు, రెండు నెలలు గడప దాటొద్దన్నారు. ట్యూషన్ సెంటరంటే ఒకే హాల్లో అరవై మంది పిల్లలు, మైకులో అరిచే టీచర్లు. పోయినేడు రెండు వారాలు పంపితే కొశిన్ తన ముంజేతిని తనే కొరుక్కుని పుండు చేసుకుంది.

"ఒక్క రోడ్డే! అది దాటడం నేను నేర్పలేనా?" అన్నాను.

"బస్సు నడపడం వేరు, పిల్లకి నేర్పడం వేరు నాన్నా."

"నెల రోజులు టైమివ్వు. అప్పుడు మాట్లాడు."

మా ఆవిడ పులుసు వడ్డిస్తూ అందుకుంది. "ఈ ముసలి కోతికి నేర్పడమే చాతనైతే నీకు స్కూటరు వచ్చుండేది కదే. నేర్పుతానని తీసికెళ్ళి గుడి గోడకి గుద్దించాడు."

"గోడ అడ్డంగా ఉంది" అన్నాను.

పేషాన్ నవ్వింది గానీ మెత్తబడలేదు. నెలాఖరు శుక్రవారం సెలవు పెట్టి తనే వచ్చి చూస్తానంది. కొశిన్ ఒంటరిగా, సరిగ్గా రోడ్డు దాటితే ఇంటికి, లేదంటే సెంటరుకి. ఒప్పుకున్నాను.

బడిలో కొశిన్‌ని విడిగా చూసుకునే యాన్ టీచరు బొమ్మల అట్టలు ఇస్తానంది. చిన్నపిల్ల, నిండా పాతికేళ్ళుండవు. అట్టలు మీరే ఉంచుకోండి, నా దగ్గర ఆట ఉందన్నాను. నిజంగానే ఉంది. మా సిగ్నళ్ళలో పచ్చ మనిషి ఊరికే నిలబడడు. వెలగగానే నడుస్తాడు, పైన సెకన్లు తగ్గుతూ ఉంటాయి, ఆఖరి పదిలోకి వచ్చేసరికి పరుగందుకుంటాడు. ఎర్ర మనిషి వెలిగితే కదలడు. ఈ ఊళ్ళో పిల్లలందరూ వాడి పరుగు చూసి నవ్వుకుంటూ పెరిగినవాళ్ళే. కొశిన్‌కీ వాడంటే ఇష్టం. "వాడేం చేస్తే నువ్వూ అదే చెయ్యి" అన్నాను.

మూడు రోజులు ఇంట్లోనే ఆడాం. మా ఆవిడ మూకుడు మూతకి ఎర్ర తువ్వాలు చుట్టి ఎత్తితే ఆగాలి. నేను నిలుచున్నచోటే నడిస్తే నడవాలి, పరుగెత్తితే పరుగెత్తాలి. నా మోకాలు మూలుగుతుంటే కొశిన్ కిలకిల నవ్వేది. ఆ నవ్వు కోసం రెండు మోకాళ్ళూ ఇచ్చెయ్యొచ్చు. తర్వాత రోడ్డు మీదికి తీసికెళ్ళాను. ఐదు రోజులు వరసగా తప్పు లేకుండా దాటింది. నేను మూడడుగులు వెనక నడుస్తూ, కనిపించిన ప్రతివాడికీ చూడండన్నట్టు గడ్డం ఎత్తుకుని తిరిగాను.

ఆరో రోజు బడి గేటు పక్కన ఒక దుకాణం బయట కొత్త ఏసీ పెట్టె బిగిస్తున్నారు. కొశిన్ దాని ఫ్యాను చూస్తూ నిలబడిపోయింది. తృప్తిగా చూశాక తలెత్తింది. సిగ్నల్లో ఏడు సెకన్లు. పచ్చ మనిషి పరుగెత్తుతున్నాడు. ఇదీ పరుగెత్తింది.

స్కూటర్లు గీత మీద అప్పటికే గుర్రుమంటున్నాయి. నా చేతికి బడి సంచి దొరికింది కాబట్టి వెనక్కి లాగాను. దొరక్కపోయి ఉంటే అన్న మాట ఈ రోజుకీ పూర్తి చెయ్యలేను. ఒక స్కూటరువాడు మా ముందు నుంచి తిట్టుకుంటూ పోయాడు. కొశిన్ పేవుమెంటు మీద కూలబడి చెవులు మూసుకుని ఒకటే అరుపు. "మనిషి పరిగెత్తాడు! మనిషి పరిగెత్తాడు!"

పిల్లది ఒప్పు. ఆట తప్పు. గబగబా దాటెయ్యమని వాడు పరుగెత్తుతాడని మనం అనుకుంటాం. అప్పటికే రోడ్డు మధ్యలో ఉన్నవాళ్ళకి అది చెల్లుతుంది, ఒడ్డున ఉన్నవాళ్ళకి కాదు. ఆ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు, నేనెవరికీ చెప్పలేదు, అందరం చూసి నేర్చుకున్నాం. కొశిన్ మాత్రం నేను చెప్పిందే చేసింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరినీ గుద్దని నేను, సొంత మనవరాల్ని బళ్ళ కిందికి నేనే తోయబోయాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. తిట్టిపోస్తుందనుకుంటే నా ముందు అన్నం గిన్నె పెట్టింది. తిట్టినా బావుండేది.

మర్నాడు యాన్ టీచరు ముందు తల దించుకుని నిలబడ్డాను.

"మీ ఆట బాగా పనిచేసింది తాతగారూ" అంది.

"వెక్కిరిస్తున్నావా అమ్మా?"

"లేదండీ, నిజం. మీరేం నేర్పారో అదే చేసింది. అయితే మీరు ఒకడి వెనకాల వెళ్ళడం నేర్పారు. తనంతట తను తేల్చుకోవడం నేర్పలేదు. బస్సు తియ్యాలా వద్దా అని మీరెలా తేల్చుకునేవారు?"

నేను ఆలోచించకుండానే చెయ్యెత్తి చూపించాను. మా డిపోలో పద్ధతి అది. బస్సు కదిలేముందు అద్దానికి వేలు చూపి "కుడి, ఖాళీ" అనాలి. తలుపుకి చూపి "తలుపు, మూశాం" అనాలి. వేలూ నోరూ రెండూ పనిచేస్తే కన్ను నిద్రపోదని. కుర్ర డ్రైవర్లు సిగ్గుపడి మానేసేవాళ్ళు. నేను ఆఖరి రోజు దాకా వేలు చూపాను, అందుకే నా నోరు పెద్దదని పేరొచ్చింది.

"అదే నేర్పండి మరి" అంది యాన్ టీచరు.

ఆ రోజు నుంచి కొశిన్ డ్రైవరు. నా పాత టోపీ దాని నెత్తిన పెడితే ముక్కు దాకా దిగింది, వెనక పిన్ను గుచ్చాం. ఒడ్డు మీద ఆగడమంటే బస్టాపులో ఆగడం. ముందు అంకె చూడాలి. పాతిక, అంతకంటే ఎక్కువుంటే "టైముంది". తగ్గితే "ఈ ట్రిప్పు పోయింది", మనిషి ఎంత పరుగెత్తినా కదలకూడదు. తర్వాత ఎడమకి వేలు, కుడికి వేలు, మలుపు తిరిగే బళ్ళకి వేలు. మూడూ ఖాళీ అయితేనే బస్సు తియ్యాలి. అంకెలంటే ప్రాణం కాబట్టి మొదటిది గంటలో పట్టేసింది.

మలుపు బళ్ళ దగ్గరే చిక్కు వచ్చింది. పచ్చ వెలిగినా బండి అడ్డొస్తే ఆగాలంటే కొశిన్ ఒప్పుకోదు. పచ్చ అంటే పచ్చే. అప్పుడు మా ఆవిడ రంగంలోకి దిగింది. మూకుడు మూత పట్టుకుని లారీ అయ్యింది. హాలు మూల మీద నుంచి "బ్రూమ్" అని వచ్చి పిల్లకి అడ్డం నిలబడేది.

"లారీ ఉంది" అని వేలు చూపేది కొశిన్.

"ఉంటే ఏం? నీకు పచ్చేగా, వచ్చెయ్" అని నేను కావాలనే రెచ్చగొట్టేవాణ్ణి.

"తాత తప్పు డ్రైవరు."

"అలా అనవే బంగారం! నీకున్న బుద్ధి ఈ కోతికి లేదు" అని మా ఆవిడ మూత మీద దరువు వేసేది.

రోజుకో కొత్త చిక్కు కల్పించాం. ఒకరోజు నేను అవతల నుంచి మిఠాయి చూపించి పిలిచాను. ఒకరోజు మా ఆవిడ వెనక నుంచి తొందరపెట్టింది. ప్రతిసారీ అది ఆలోచించుకునేది, వేలు కాస్త ఆగి గాలిలో తేలేది, తర్వాత మాట వచ్చేది. ఆ వేలు ఆగే క్షణం చూడ్డం నాకు అలవాటైపోయింది. లోపల పిల్ల తనకు తాను తేల్చుకుంటోంది. నాకు కడుపు నిండినట్టుండేది. మూడో వారానికి రోడ్డు మీద నేను పది అడుగుల వెనక్కి తగ్గాను, నాలుగో వారానికి ఇవతలి ఒడ్డుకే వచ్చేశాను.

శుక్రవారం వచ్చింది. పేషాన్, మా ఆవిడ, నేను మా సందు మొదట్లో ఒక స్తంభం వెనక, ఆపి ఉన్న స్కూటర్ల మధ్య దాక్కున్నాం. ముగ్గురం దొంగల్లా ఉన్నామని మా ఆవిడ నవ్వింది. పేషాన్ నవ్వలేదు. రద్దీ తగ్గి పిల్లలందరూ వెళ్ళిపోయాక, ఎప్పటిలాగే ఆఖరున, టోపీ పెట్టుకుని కొశిన్ గేట్లోంచి వచ్చింది.

సరిగ్గా అప్పుడే సిగ్నలు ఆరిపోయింది. పచ్చ లేదు, ఎరుపు లేదు, అంకె లేదు. పక్క వీధిలో కరెంటు పని జరుగుతోంది. బళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు పోతున్నాయి.

కొశిన్ ఒడ్డున నిలబడి అంకె ఉండాల్సిన చోటికి వేలు ఎత్తింది. వేలు అలాగే ఉండిపోయింది. మేం ఇన్ని చిక్కులు కల్పించాం, దీపమే లేకపోతే ఏం చెయ్యాలో ఆడలేదు. నేను కదలబోతే పేషాన్ నా చొక్కా పట్టుకుంది.

"ఉండండి నాన్నా. ఒక్క నిమిషం."

"అది పరిగెడితే?"

"పరిగెత్తట్లేదుగా."

వేలు దిగింది. ఒకసారి టోపీ సర్దుకుంది. వెనక్కి తిరిగి బడి గేట్లోకి వెళ్ళిపోయింది. అయిపోయిందనుకున్నాను. లోపల ఏ మూలో కూర్చుని చెయ్యి కొరుక్కుంటూ ఉంటుంది, సోమవారం నుంచి సెంటరు, ఇక నా వల్ల కాదు. నా కళ్ళ ముందు రోడ్డు మసకబారింది.

మళ్ళీ బయటికి వచ్చింది. దాని పక్కన బడి వాచ్‌మన్ గావ్ ఉన్నాడు. ఆయన చేతిలో బళ్ళని ఆపే ఎర్ర లైటు కర్ర. ఆ కర్ర రెండో చివర కొశిన్ పట్టుకుని ఉంది. గావ్ చెయ్యెత్తితే బళ్ళు ఆగాయి. కొశిన్ ఎడమకి చూపింది, కుడికి చూపింది, మలుపుకి చూపింది. అప్పుడే కదలనిచ్చింది ఆయన్ని. ఇవతలికి వచ్చాక కర్ర వదిలేసి "దిగాలి" అంది.

మేం స్తంభం వెనక నుంచి బయటికి రాగానే గావ్ వెలిగిపోతున్న మొహంతో నా దగ్గరికి వచ్చాడు. "మీ పిల్ల ఏమందో తెలుసా త్సాయ్? నా గది ముందుకొచ్చి, 'సిగ్నల్ చెడిపోయింది, నన్ను ఎక్కించుకో' అంది. మూడేళ్ళుగా రోజూ నమస్తే చెప్తున్నాను, ఈ పిల్ల నాతో మాట్లాడిన మొదటి మాట ఇది!"

నా బుర్ర మాత్రం ఇంకా పందెం దగ్గరే ఉంది. "పేషాన్, ఇది లెక్కలోకి రాదు. కరెంటు పోయింది. ఒంటరిగా దాటలేదని అనొద్దు, సోమవారం మళ్ళీ చూద్దాం" అన్నాను.

పేషాన్ మోకాళ్ళ మీద కూర్చుని కూతురి టోపీ కింది ముఖం చూస్తోంది. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"మళ్ళీ ఏం చూడాలి నాన్నా? ఒంటరిగా దాటకూడదని దానికదే తేల్చుకుంది. తేల్చుకుని, వెళ్ళి నోరు తెరిచి అడిగింది. సెంటరు వద్దు, ఏం వద్దు. ఇంటికే వస్తుంది." తర్వాత నా వైపు తిరిగింది. "మీరు పుట్టి బుద్ధెరిగాక ఎవర్నైనా ఒక్కసారి సాయం అడిగారా?"

"మోకాలు గుమ్మడికాయంత అయినా ఆర్నెల్లు చెప్పకుండా కుంటాడు, ఈయన అడుగుతాడా!" అంది మా ఆవిడ.

నాకు కోపం రావాలి. రాలేదు. గావ్ అప్పటికే రోడ్డు దాటడానికి తిరిగాడు. నేను కుంటుకుంటూ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"గావ్, నేను రెండు నెలలు రాలేను. నాలుగింటికి దీని మీద కాస్త కన్నేసి ఉంచుతావా?"