ఎనిమిదా, పన్నెండా

మా భోజనాల బల్ల మీద పంతొమ్మిది రోజులుగా కారు ఇంజిన్ పైభాగం కూర్చుని ఉంది. ఇంట్లో నలుగురం కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నాం. కారు అత్తగారిది, మరమ్మతు మరిదిది, బల్ల తుడిచే పని నాది.

ఆ శనివారం పొద్దున అత్తగారు తేల్చి చెప్పేశారు.

"రేపు మధ్యాహ్నానికల్లా నా కారు నడిస్తే సరే. లేదంటే సోమవారం పాత ఇనుము కొట్టతను వచ్చి పట్టుకుపోతాడు. మాట్లాడేశాను."

"నడుస్తుందమ్మా. అదీ మామూలుగా కాదు. కొత్త క్యామ్‌షాఫ్ట్ వేశాను," అన్నాడు మరిది.

"అదేం చేస్తుందిరా?"

"ఒంటినిండా బొడిపెలున్న కడ్డీ. అది తిరుగుతుంటే బొడిపెలు వాల్వుల్ని తెరుస్తాయి, స్ప్రింగులు మూస్తాయి. బొడిపె ఎత్తుగా ఉంటే వాల్వు ఎక్కువ తెరుచుకుంటుంది, ఇంజిన్ ఎక్కువ ఊపిరి పీలుస్తుంది."

"నేను వెళ్లేది కూరగాయలకి. దానికంత ఊపిరెందుకు?"

పేపరు వెనకాల మా ఆయన దగ్గారు. నవ్వొస్తే ఆయన దగ్గుతారు.

బల్ల తుడుస్తుంటే కడ్డీతో వచ్చిన చీటీ కనిపించింది. బొడిపె ఎత్తు ఎనిమిది మిల్లీమీటర్లని ఉంది.

"నువ్వు తెచ్చిన కొత్త స్ప్రింగు ఎంతవరకు నొక్కుకుంటుంది?" అనడిగాను.

"పది. ఇంకా రెండు మిగులే వదినా."

"బొడిపె ఎనిమిది లేపితే వాల్వు కూడా ఎనిమిదే కదులుతుందా?"

"ఎనిమిది పెడితే ఎనిమిదే వస్తుంది. మధ్యలో ఎవరు తినేస్తారు?"

"తినేవాళ్ల సంగతి కాదు, ఎక్కువ వడ్డించేవాళ్ల సంగతి," అన్నాను.

బొడిపె కదలికని వాల్వుకి చేరవేసేది రాకర్ అనే ఇనుప ముక్క. పిల్లలెక్కే ఊగుడుబల్లలా ఉంటుంది. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఇరుసు నడిమధ్యన లేదు. కుట్టుపెట్టెలోంచి స్కేలు తెచ్చి కొలిచాను. బొడిపె వైపు ఇరవై, వాల్వు వైపు ముప్ఫై.

"పొట్టి చెయ్యి ఎనిమిది కదిలితే పొడుగు చెయ్యి పన్నెండు కదులుతుంది," అన్నాను.

"ఇది ఇంజిన్ వదినా, జాకెట్టు కాదు."

"జాకెట్టు కొలత తప్పితే ఊపిరాడదు. దీన్లో తప్పితే?"

మరిది ఓ స్ప్రింగు పట్టుకుని షెడ్డులోకి నడిచాడు. వెనకే నేనూ, నా వెనక అత్తగారూ. ఇంజిన్‌లో స్ప్రింగు నిలిచే ఎత్తు నలభై. దాన్ని వైస్ అనే ఇనుప బిగింపు దవడల మధ్య పెట్టి బిగించాడు. ముప్ఫై దగ్గర చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకున్నాయి. రెండు చేతులూ వేసి ఒళ్లంతా వంచాడు. వైస్ మూలిగింది కానీ స్ప్రింగు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.

"ఇంకో రెండు కావాలి," అన్నాను.

"స్టార్ట్ చేసుంటే లోపల రాకర్లని తోసే సన్న కడ్డీలన్నీ వంగిపోయేవి," అన్నాడు మెల్లగా. తగిన స్ప్రింగులు రావాలంటే మూడు వారాలు పడుతుందట.

అత్తగారు గోడ మీది క్యాలెండరు వంక చూశారు.

"పాతవే వేసెయ్," అన్నాను.

"పాతవి ఎక్కడున్నాయో ఏమో. పెరట్లో పడేశాను."

పడేసినవాడు తనే, ఏరుకొచ్చింది నేను. పాత కడ్డీ నూనె రాసిన దుప్పటి గుడ్డలో ఉంది. స్ప్రింగులు బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. బొడిపెల మీద ఆనే ఎనిమిది బిళ్లల్నీ అతను ఊడదీసి అందిస్తున్నప్పుడే వరసగా గుడ్ల అట్టలో పెట్టి అంకెలేశాను. ఏది ఏ బొడిపెతో అరిగిందో దానికే వెయ్యాలట. అది అప్పుడు నాకు తెలియదు. కలిపెయ్యడం ఇష్టంలేక అంకెలేశానంతే.

"స్ప్రింగులైనా కొత్తవి ఉంచుతా వదినా, గట్టివి కదా."

"ఆ గట్టిదనమంతా పాత బొడిపెలే మొయ్యాలి. అరిగిపోవూ?"

పాత కడ్డీ, గుడ్ల అట్టా, బిస్కెట్ల డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం పదకొండింటికి ఇంజిన్ అందుకుంది. అత్తగారు ఒక్కరే వీధి చివరిదాకా వెళ్లొచ్చి దిగారు.

"ఎప్పటిలాగే ఉంది," అన్నారు. ఆవిడ నోట అది పెద్ద మెప్పే.

"ఆ కొత్త కడ్డీని ఏం చేస్తావురా?"

"దానికి సరిపడే స్ప్రింగులు తెచ్చి..."

"ఈడూ జోడూ చూసుకుని తెచ్చుకో. వెళ్లేటప్పుడు మీ వదినని తీసుకెళ్లు, స్కేలు పట్టుకుని వస్తుంది."

మా ఆయన మళ్లీ దగ్గారు.

బల్ల మీద నాలుగు కంచాలు పెట్టాను. మరిది కూర్చునే చోట గుండ్రటి నూనె మరక పడి ఉంది. గట్టిగా రుద్దితే పోయేదే. ఓ వారం అతని కళ్లబడుతూ ఉండనిద్దామని కంచం కొంచెం పక్కకి జరిపాను.