బావ కూర్చున్న రోజు

మా బావ రౌండుకీ రౌండుకీ మధ్య కూర్చోడు. హెవీవెయిట్ బాక్సింగ్‌లో ఆయన పేరు మోగింది పిడికిళ్ల వల్ల సగం, ఈ నిలబడటం వల్ల సగం. దొరికే ఆ ఒక్క నిమిషంలో అవతలివాడు స్టూలు మీద కూలబడి రొప్పుతుంటే, ఈయన తన మూలలో నిలబడి తీరిగ్గా వాడి వంకే చూస్తాడు. ఈ మనిషికి అలుపు లేదురా బాబూ అని వాడికి అనిపించాలి. అక్కడికి సగం పని అయిపోయినట్టే.

ఆయనకి నీళ్లూ, టవలూ, స్టూలూ అందించేది నేను. ఇన్నేళ్లుగా ఆ స్టూలు రింగులోకి ఎక్కించడం, దించడం. ఎవరూ కూర్చోని స్టూలు మోయడానికి నన్ను మించిన వెర్రివాడు దొరకడు.

ఆ రోజు బయలుదేరుతుంటే అక్క నన్ను గుమ్మం దగ్గర ఆపింది. బావకి చేతులు వణుకుతున్నాయి. కొన్నాళ్లుగా చొక్కా గుండీలు కూడా అక్కే పెడుతోంది. "ఓడిన రోజు మానేస్తా" అని ఆమెకి మాటిచ్చాడు. ఓడితేగా!

"ఆయన ఓడిపోవాలని ఏ నోటితో కోరుకోనురా?" అంది అక్క.

ఎదురుగా దిగినవాడు కుర్రాడు, గోడంత మనిషి. మొదటి రౌండు అయ్యాక వాడూ కూర్చోలేదు. బావనే చూస్తూ నిలబడ్డాడు. ఎవడో బాగానే నూరిపోశాడు. ప్రతి రౌండు తర్వాతా అదే వరస. జనం ఈలలు. నాకు ఒళ్లు మండింది. కొట్టుకోవడానికొచ్చి నిలబడటంలో పోటీ పడుతున్నారు ఇద్దరూ.

ఆరో రౌండు అయ్యేసరికి బావ రింగు తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చో బావా. ఎవడేమనుకుంటే నీకేం?"

"నోర్మూసుకుని నీళ్లు పొయ్యి."

ఏడో రౌండంతా ఒకరి మీద ఒకరు వాలిపోయి ఈడ్చుకొచ్చారు. గంట కొట్టగానే బావ మూలకొచ్చి, నా వైపు చూడకుండా, "స్టూలెయ్యి" అన్నాడు.

వేశాను. కూర్చున్నాడు. అది చూసిన కుర్రాడు, దానికోసమే కాచుకున్నట్టు, తన స్టూలు లాక్కుని దబ్బున కూలబడ్డాడు.

నిమిషం అయిపోవస్తుంటే బావ చంకలో చెయ్యేసి లేపాను. గంట మోగింది. కుర్రాడు లేవలేదు. వాళ్ల కోచ్ గొంతు చించుకుంటున్నాడు, వాడు తల అడ్డంగా ఊపుతున్నాడు. రిఫరీ వచ్చి బావ చెయ్యి పైకెత్తాడు.

తర్వాత బట్టలు మార్చుకునే గదిలోకి కుర్రాడు కుంటుకుంటూ వచ్చి బావ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"ఎత్తు అదిరిందన్నా. మీరు కూర్చోగానే నా ఒంట్లో పట్టు పోయింది. మూడో రౌండు నుంచీ కూర్చోవాలనే ఉంది నాకు."

"ఎత్తూ లేదు, ఏమీ లేదు తమ్ముడూ. నాకు మొదటి రౌండు నుంచీ ఉంది."

ఇద్దరూ పక్కటెముకలు పట్టుకుని నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఇంతలో పోటీలు పెట్టించే పెద్దమనిషి ఊడిపడ్డాడు. "వచ్చే పోటీకి కూడా మీరే. సరేనా?"

"ఇప్పుడేగా కూర్చున్నాను. ఇక లేవను" అన్నాడు బావ.

"మళ్లీ కొత్త ఎత్తా!" అని ఆయన పగలబడి నవ్వి, కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.

బావ చేతికట్లు విప్పుకోబోయాడు. వేళ్లు మాట వినలేదు. నేనే విప్పాను.

"మీ అక్కకి ఫోన్ చెయ్యి."

"గెలిచావని చెప్పనా?"

"ఓడిపోయానని చెప్పు."