గీతకి దిగువన పడ్డ చుక్కలు

సాహిరా గీసిన గీతని చూసి ఆనందకుమారి గారు మెచ్చుకోలేదు. "ఇంత నున్నటి లెక్క ఏ రోడ్డు మీదా రాదమ్మా. పద, ఒకసారి నువ్వు కెమెరా పెట్టిన మనుబోలు వెళ్ళి చూద్దాం," అన్నారు. సాహిరా పరిశోధనకి ఆమే గైడు. కాదనడానికి లేదు.

లెక్క పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. రోడ్డు మీద బండ్లు ఎంత చిక్కబడితే వేగం అంత తగ్గుతుంది. ఖాళీగా ఉంటే దూసుకుపోతాయి, కిక్కిరిస్తే నిలబడిపోతాయి. ఆ రెంటి మధ్యా ఒక వాలుగీత. కెమెరా పెట్టి కొలిస్తే ప్రతి కొలతా ఒక చుక్కై ఆ గీత చుట్టుపక్కల పడాలి. మనుబోలు దగ్గర మాత్రం ఒక గుంపు చుక్కలు గీతకి బాగా దిగువన పడ్డాయి. రోడ్డేమో ఖాళీ, లారీలేమో నత్తనడక. సాహిరా వాటికి 'కెమెరా లోపం' అని పేరు పెట్టి తీసిపారేసింది.

కెమెరాకి ఏ లోపమూ లేదు. అక్కడ హైవే పక్కనే చిన్న దర్గా ఉంది. లారీవాళ్ళు దాని దగ్గరికి రాగానే నెమ్మదిస్తారు, బండి ఆపకుండానే తల బయట పెడతారు. ఒక మనిషి పక్కనే పరిగెత్తుతూ నెమలీకల కట్టతో ఆ తల మీద తట్టి, దువా చదివి దీవించి పంపుతాడు. ఆ మనిషి దరియావలి, సాహిరా తండ్రి. వీడియోలో ఆ పచ్చ తలపాగా, ఆ పరుగు, చాచిన ఆ చెయ్యి కనపడగానే కూతురు మహాతల్లికి తల కొట్టేసినట్టయింది. ఆ చెయ్యి పెట్టిన కూడు తినే ఇంత చదువు చదివింది. అది తెలిసే చెరిపేసింది.

ఇద్దరూ కారు దిగేసరికి దర్గా ముందు సాంబ్రాణి పొగ లేస్తోంది. దరియావలి కూతుర్ని చూసి నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఎవరతను?" అడిగారు ఆనందకుమారి గారు.

"దర్గా దగ్గర ఉండే మనిషి, మేడమ్."

ఆ మాట ఆయనకి వినపడింది. నవ్వు అలాగే ఉండిపోయింది, కాళ్ళు మాత్రం ఆగాయి. సాహిరా మళ్ళీ తల ఎత్తలేకపోయింది.

"ఏం చూడను వచ్చినారమ్మా?" అన్నాడాయన మేడమ్‌తో. ఆమె ఓపిగ్గా చెప్పారు. బండ్లు తక్కువగా ఉన్నప్పుడు జోరుగా పోవాలి, ఇక్కడ పోతున్నాయో లేదో చూడాలి అని.

"అయితే నేనే అడ్డం గదమ్మా. నా వల్ల ఈ పాప లెక్క చెడిపోకూడదు," అని కట్ట చంకన పెట్టుకుని దర్గా పక్కనున్న షెడ్డు వెనక్కి వెళ్ళిపోయాడు.

ఈ పాప అన్నాడు. నా కూతురు అనలేదు. అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది సాహిరాకి.

ఖాళీ రోడ్డు మీద ఒక లారీ వచ్చింది. దర్గా దగ్గర నెమ్మదించింది. డ్రైవరు తల బయట పెట్టి అటూ ఇటూ వెతికి, ఎవరూ లేకపోయేసరికి తన చెయ్యే నెత్తిన పెట్టుకుని పోయాడు. దాని వెనక వచ్చినతనూ అంతే చేశాడు.

"కెమెరా లోపం అని రాశావు గదా," అన్నారు ఆనందకుమారి గారు మెల్లగా.

ఈలోగా ఇంకో లారీ వచ్చి ఏకంగా వాళ్ళ పక్కనే ఆగింది. "దరియావలన్న కూతురివి గదమ్మా నువ్వు?" అన్నాడు డ్రైవరు. "రోడ్ల మీద లెక్కలు కడతా ఉండావంట గదా. వచ్చిన లారీకల్లా అదే చెప్తాడు. ఏడమ్మా మీ నాయన? ఒంట్లో బాగుండాదా?"

ఆనందకుమారి గారు సాహిరా వైపు చూశారు. నాలుగు తిట్టినా బాగుండేది.

"బాగుండాడన్నా. ఉండు, పిలస్తాను," అంది సాహిరా.

షెడ్డు వెనక ఆయన గోడకి ఆనుకుని ముడుచుకుని కూర్చున్నాడు. తలపాగా విప్పేసి, నెమలీకల కట్టని దాంట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాయనా, రా," అంది.

ఆయన లేవలేదు.

"అయిపోయిందామ్మా నీ లెక్క?" అని అడిగాడు. "నేను ఏడా కనపళ్ళేదు గదా?"