ఇల్లు వినిపిస్తోంది

ఆదివారం పొద్దున ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. నాలుగో చొక్కా కాలర్ దగ్గర ఉండగా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "నువ్వు ఊళ్ళో వాళ్ళందరి రక్తం తీస్తూ తిరుగు. ఇక్కడ నీ కూతురు ఫోన్‌లో పడి పాడైపోతోంది" అన్నారు. నేనేమీ అనలేదు. కాలర్ తిప్పి రెండో వైపు కూడా ఇస్త్రీ చేశాను. పద్దెనిమిదేళ్ళుగా నేను చేస్తున్నది అదే.

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్ళు ఏడింటికే వచ్చి కూర్చుంటారు కాబట్టి ఆరున్నరకి నేను ఇంట్లోంచి బయటపడాలి. ఆలోపు వంట, అత్తగారి బీపీ మాత్ర, ఆయన క్యారేజీ, పిల్లకి మధ్యాహ్నం తిండి, అన్నీ అయిపోవాలి. ఎంత సన్నటి నరమైనా నా వేలికి తగులుతుందని ల్యాబులో నాకు పేరు. చంటిపిల్లలు వస్తే డాక్టర్లు కూడా "ఆ మేడమ్‌ని పిలవండి" అంటారు. అవే వేళ్ళతో రోజూ జడవేసిన పిల్ల లోపల ఏం జరుగుతోందో మాత్రం నాకు అందలేదు.

నా కూతురికి పదహారేళ్ళు. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా ఉండేది కాదని అత్తగారు దాన్ని పిచ్చుక అన్నారు, ఆ పేరే ఉండిపోయింది. ఇప్పుడు ఆ పిచ్చుక మంచం మూల నుంచి కదలడం లేదు. చదువంతా ఫోన్‌లోనే. పాఠాలు అందులోనే, పరీక్షలు అందులోనే, అనుమానాలు అడిగే గ్రూపూ అందులోనే. క్లాసు ఎక్కడ అయిపోయిందో, మిగతాది ఎక్కడ మొదలైందో పక్కనున్నవాళ్ళకి తెలిసేది కాదు. ఎప్పుడడిగినా "క్లాసమ్మా" అనేది. ఇయర్‌ఫోన్లు పెట్టుకునే తినేది, పెట్టుకునే పడుకునేది. గోళ్ళు రక్తం వచ్చేదాకా కొరుక్కునేది. ఒకరోజు ఆయన ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ రోజే దానికి పరీక్ష. అది బీరువా తలుపు మీద రెండు చేతులతో బాదుతుంటే ఆయన నా వైపు తిరిగి, "చూశావా నీ పెంపకం?" అన్నారు. ఫోన్ కొనిచ్చిందీ, మా అమ్మాయి ఫస్టు వస్తుందని ఆఫీసంతా చెప్పుకున్నదీ ఆయనే. మార్కులు వస్తే తన కూతురు, ఫోన్ పట్టుకుంటే నా కూతురు.

ఇస్త్రీ పెట్టె దగ్గర ఆ మాట విన్న మర్నాడే పిల్ల జీవశాస్త్రం టీచరు ఫోన్ చేశారు. ఎదుట కుర్చీలో ఒకావిడ చెయ్యి చాపి కూర్చుని ఉన్నారు, నేను పట్టీ బిగించాను. మామూలుగా పనిలో ఉండగా ఫోన్ ఎత్తను. ఆ రోజు ఎందుకు ఎత్తానో తెలియదు.

"అమ్మా, పది రోజులుగా క్లాసులో మీ పాప పేరుంటోంది కానీ పాప ఉండటం లేదు. పిలిస్తే పలకదు. ఇవాళ నాకొక్కదానికే ఒక మెసేజ్ పెట్టింది. 'మేడమ్, ఊపిరి ఆడటం లేదు, ఎవరికీ చెప్పకండి' అని. నేను మీకు చెబుతున్నాను. దయచేసి తిట్టకండి. ముందు ఇంటికి వెళ్ళండి" అన్నారు.

అరవై మంది పిల్లల్లో, ముఖం కూడా కనిపించని ఒక పిల్ల రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగినందుకు ఆవిడని రోజుకొకసారైనా తలుచుకుంటాను. మా సూపర్‌వైజరు మాత్రం "ఆడవాళ్ళని పెట్టుకుంటే ఇదే గొడవ" అని వినపడేలాగే గొణిగాడు. నేను పట్టీ విప్పి, కుర్చీలో ఉన్నావిడకి క్షమాపణ చెప్పి, కోటు కూడా తీయకుండా రోడ్డెక్కాను.

ఇంటికి వెళ్ళేసరికి పిచ్చుక నేల మీద గోడకి ఆనుకుని ఉంది. చెమటతో జుట్టంతా ముఖానికి అంటుకుపోయింది. పక్కన అత్తగారు. మోకాళ్ళ నొప్పులతో పీట మీద కూడా కూర్చోలేని మనిషి, నేల మీద చతికిలబడి దాని వీపు నిమురుతూ, "నాతోపాటు పీల్చు తల్లీ, ఇప్పుడు వదులు, మళ్ళీ పీల్చు" అంటున్నారు. నన్ను చూసి, "వచ్చావా? భయపడకు, తగ్గుతోంది" అన్నారు.

అప్పటికే ఆవిడ కబురు చేసినట్టున్నారు, నా వెనకే ఆయనా వచ్చారు. వస్తూనే, "ఇంట్లో ఆడది ఇంటిపట్టున ఉంటే ఇలా..." అని మొదలుపెట్టారు.

"ఒరేయ్, నోరు ముయ్యి" అన్నారు అత్తగారు. "ఐదింటికి లేచి మనందరికీ వండి, నా మందులు చూసి, నీ చొక్కాలు చూసి, ఉద్యోగం చేసి వస్తోంది. ఇంకా దానికెన్ని చేతులున్నాయిరా? నువ్వు ఆటో పిలువు, పో."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నా పక్షాన మాట్లాడటం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. పిల్ల కోసం అనుకున్నారు అందరూ.

ఆసుపత్రిలో పరీక్షలు చేసి మనసు డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆవిడ మొదట పిల్లతో ఒంటరిగా మాట్లాడారు. తర్వాత నన్ను పిలిచి, "అమ్మకి నువ్వే చెప్తావా?" అని దాన్ని అడిగారు. అది తన వేళ్ళకేసి చూసుకుంటూ మొదలుపెట్టింది.

"మొదట్లో క్లాసు కోసమే పెట్టుకునేదాన్నమ్మా. తర్వాత తీయలేకపోయాను. వీడియో మీద వీడియో చూస్తాను, ఒక్కటీ గుర్తుండదు. అందరూ చదివేస్తున్నారు, నేనే వెనకబడిపోయాననిపిస్తుంది. పక్కన పెడదామనుకుంటానమ్మా. పెడితే ఇల్లు వినిపిస్తుంది."

"ఇల్లు వినిపించడమేమిటే?"

"నాన్న నిన్ను అంటుంటారు కదా. కూర గురించి, ఆలస్యం గురించి, నా గురించి. నువ్వేమీ అనవు. నాన్న మాటల కంటే నాకు అదే ఎక్కువ వినిపిస్తుంది."

ఇల్లు అల్లరి కాకూడదనే కదా ఇన్నేళ్ళు నోరు మెదపలేదు! నేను మింగిన ప్రతి మాటా నాలోనే ఆగిపోయిందనుకున్నాను. గోడకి అటువైపు ఒక పసిది వాటిని ఒక్కటొక్కటిగా వింటూ, వినలేక చెవులు మూసుకుంటోందని ఎలా ఊహించను? సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే, నేను చాలాకాలంగా మోస్తున్న బరువు ఎవరో దించి చూపించినట్టు ఒక తేలిక. నన్ను ఈ ఇంట్లో ఒకరు వింటున్నారు. ఇన్నాళ్ళూ వింటూనే ఉన్నారు. దాని చెయ్యి తీసుకుని, "చెప్పావు, బంగారుతల్లీ" అన్నాను.

ఒక్కరోజులో అంతా బాగుపడలేదు. క్లాసు అయ్యాక ఫోన్ అత్తగారి గదిలో పెట్టాలని డాక్టరమ్మ రాసిచ్చారు. మొదటి వారం పిచ్చుక రెండుసార్లు ఏడ్చింది, ఒకసారి అబద్ధమాడింది. అది వదిలేసిన పాఠాలు టీచరు రోజుకొకటి చొప్పున తనే పక్కన ఉండి చెప్పారు. సాయంత్రాలు అది నాతో కూరలకి వచ్చేది. మూడో వారంలో బజారులో ఏదో చూసి పగలబడి నవ్వింది. దేనికి నవ్వుతోందో అడగలేదు. ఆ నవ్వు పూర్తయ్యేదాకా సంచి పట్టుకుని రోడ్డు మధ్యలో అలాగే నిలబడ్డాను.

నిన్న నలుగురం అన్నాలు తింటున్నాం. కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయానని చెప్పాను. "బుర్రంటూ ఉంటే కదా గుర్తుండటానికి" అన్నారాయన, అన్నం కలుపుతూ. పిల్ల చెయ్యి కంచంలో ఆగిపోయింది. నేను అది చూశాను.

"ఆ మాట ఇంకెప్పుడూ అనకండి" అన్నాను. "నన్నూ అనకండి, పిల్ల వినేలాగా అనకండి."

ఆయన వాళ్ళమ్మకేసి చూశారు.

"నన్నెందుకు చూస్తావు? మాట్లాడుతోంది అది" అని ఆవిడ మజ్జిగ పోసుకున్నారు.

"శనివారం పదకొండింటికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. మీరూ వస్తున్నారు. చీటీలో మీ పేరు రాయించాను" అన్నాను.

"నా పేరా? జబ్బు దానికి కదా!"

"దానికి తగ్గుతోందండీ" అన్నాను. "ఇక మనమిద్దరం మిగిలాం."